నాలుగంటే నాలుగే

ఎదురుగా ఉంటే మేడమ్, వెనక్కి తిరిగితే సగమమ్మ. ఎవరు ఏది అడిగినా సగమే ఇస్తుందని ఆఫీసులో ఆవిడకు పెట్టిన పేరు అది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. బాధపడిందా అంటే అదేం లేదు, లోలోపల మురిసిపోయింది కూడా. అలాంటి మనిషి.

అడవి అంటుకుంటే ఎటు ఎంతమంది వెళ్ళాలి, ఎన్ని నీళ్ళ ట్యాంకర్లు కదలాలి అన్నది తేల్చే కంట్రోల్ రూము ఆవిడది. రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమవైపు. ఒక గోడంతా మ్యాపు, ఇంకో గోడకి ఇనుప బోర్డు. బోర్డు మీద ఒక్కో ట్యాంకరుకీ ఒక నీలం అయస్కాంతం బిళ్ళ, మంటలార్పే ఒక్కో జట్టుకీ ఒక ఎర్ర బిళ్ళ. జట్లు అటవీ శాఖవి. ట్యాంకర్లు కొన్ని ఫైర్ సర్వీసువి, కొన్ని నీటి సరఫరా వాళ్ళవి. ఈ మూడు శాఖలకీ ఒకరి పొడ ఒకరికి గిట్టదు. ఏ శాఖకీ చెందని సగమమ్మ మాత్రం ముగ్గురికీ గిట్టదు. ఆ ఒక్క విషయంలో ముగ్గురిదీ ఒకటే మాట.

రోజూ పొద్దున తొమ్మిదింటికి ఫోన్లు మొదలవుతాయి. ఎవరి దగ్గర ఏమున్నాయో చెప్పాలి. చెబుతారా? చెప్పరు. ఇవాళ ఇచ్చేస్తే రేపు మన కొండ అంటుకుంటే ఎలా అని ఎవరి బళ్ళు వాళ్ళు దాచుకుంటారు. నీటి సరఫరా ఇంజనీరు గొంతు దీనంగా పెట్టి, "మూడు బళ్ళు రిపేర్లో ఉన్నాయి మేడమ్, ఏం చెయ్యమంటారు?" అంటాడు. ఆవిడ సరేనని పెట్టేసి, వాళ్ళ షెడ్డు వాచ్‌మన్‌కి ఫోన్ చేస్తుంది.

"బళ్ళా? ఇక్కడే నీడలో ఉన్నాయమ్మా. పొద్దున్నే కడిగాం కూడా."

మళ్ళీ ఇంజనీరుకి ఫోను. "ఆ కడిగిన మూడూ పంపండి. నా దగ్గర మీ పప్పులుడకవు."

ఇచ్చేటప్పుడు తగ్గించి చెప్పేవాళ్ళు అడిగేటప్పుడు ఊరుకుంటారా? ఫైర్ ఆఫీసరు ఒకాయన ఉన్నాడు, వైర్‌లెస్ అక్కర్లేకుండానే వినపడే గొంతు, అందరూ మైకు అంటారు. ఒక ట్యాంకరు కావలసి వస్తే మూడు అడుగుతాడు. అటవీ శాఖ రేంజరు రెండింతలు అడుగుతాడు. ఆవిడ దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ఎవరు ఎంత పెంచి అడుగుతారో పద్దెనిమిదేళ్ళుగా చూసి రాసుకున్నది. మైకుకి మూడో వంతు, రేంజరుకి సగం. ఒక్క మనిషి ఎదురుగా మాత్రం "అడిగినంత" అని ఉంటుంది. ఆ మనిషి ఆవిడ సొంత తమ్ముడు.

తమ్ముడు అటవీ శాఖలో ఒక జట్టుకి పెద్ద. తల్లి పోయాక వాణ్ణి పెంచిందీ, చదివించిందీ, ఉద్యోగానికి అప్లికేషన్ నింపిందీ ఆవిడే. చిన్నప్పుడు కిటికీ అద్దాలు పగిలితే, ఎవరూ అడక్కముందే వచ్చి, "నేనే. రెండు పగిలాయి" అని చెప్పిన రకం. పెద్దయినా ఆ జబ్బు తగ్గలేదు. నాలుగు అన్నాడంటే నాలుగే కావాలి, మూడయితే చాలదు.

ఆ నోరే కొంప ముంచింది. క్రితం ఏడాది మూడు శాఖల మీటింగులో, పడమటి కొండ ఎందుకు తగలబడింది అని పైవాళ్ళు అడిగితే లేచి నిలబడి, "కంట్రోల్ రూమువాళ్ళు రోజూ రెండు ట్యాంకర్లు చేతిలో దాచుకుంటున్నారు. అవి వచ్చుంటే తగలబడేది కాదు" అన్నాడు. నిజమే అన్నాడు. ముగ్గురు శత్రువుల ముందు సొంత అక్క మీద నిజం చెప్పాడు. ఆవిడకి మెమో వచ్చింది. మైకు వారం రోజులు నవ్వాడు. ఆ రోజు నుంచి అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు. వైర్‌లెస్‌లో వాడికి ఈవిడ కంట్రోల్, ఈవిడకి వాడు తొమ్మిదో జట్టు. ఎదురుపడితే ఆవిడ మొహం గోడవైపు తిప్పుకునేది.

ఈ ఏడాది ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం, ఒకేసారి రెండు చోట్ల అంటుకుంది. బోర్డు మీద మిగిలినవి అయిదు ట్యాంకర్లు. మైకు మూడు కావాలని గొంతు చించుకున్నాడు. ఒకటి పడేసింది. అప్పుడు తమ్ముడి గొంతు వచ్చింది. "కంట్రోల్, నాలుగు ట్యాంకర్లు కావాలి. గాలి తిరిగేలా ఉంది. మంట రోడ్డు దాటకముందే రావాలి."

ఉన్నవి సరిగ్గా నాలుగు. పక్క సీట్లో వైర్‌లెస్ చూసే పెద్దాయన అప్పటికే బిళ్ళలు తీయబోతున్నాడు.

"రెండు చాలు" అందావిడ.

"మేడమ్, తమ్ముడుగారు నాలుగంటే..."

"ఇన్నేళ్ళుగా ఈ మందలో తిరుగుతున్నాడు. వాడూ పెంచి అడగడం నేర్చుకునే ఉంటాడు. రెండు పంపండి."

అలా అనుకుందా నిజంగా? లేదు. అడగనీ, నోరు తెరిచి ఇంకోసారి అడగనీ, అక్కా అని పిలిచి అడగనీ అనుకుంది. ఏం పాడు బుద్ధో! కొండ తగలబడుతుంటే తీర్చుకోవలసిన కచ్చా అది?

"రెండేనా, కంట్రోల్?" అన్నాడు వాడు.

"రెండే."

"సరే" అన్నాడు. మళ్ళీ అడగలేదు.

నలభై నిమిషాలకి మంట రోడ్డు దాటింది. మిగిలిన రెండు ట్యాంకర్లూ నిండుగా నీళ్ళతో ఆఫీసు గేటు దగ్గర నిలబడే ఉన్నాయి. వాటిని పరిగెత్తించేసరికే ఆలస్యమైపోయింది. జట్టులో చెట్లు కోసే రంపం పట్టే ఆయనకి, ఇరవై రెండేళ్ళ సర్వీసు ఆయనకి, రెండు చేతులూ మోచేతులదాకా కాలిపోయాయి.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళింది. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో తమ్ముడు కూర్చుని ఉన్నాడు, మసి కడుక్కోలేదు. ఆవిడ నోరు మాత్రం పాత నోరే.

"ఇంకోసారి అడగొచ్చుగా? ఆ మైకు చూడు, పదిసార్లు అరుస్తాడు. అరవాల్సింది."

"ఎందుకరవాలి? నాలుగు అన్నాను."

"అందరూ పెంచి అడుగుతార్రా, నాకెలా తెలుస్తుంది..."

"అందరి సంగతి వదిలెయ్. నా సంగతి నీకు తెలుసా, తెలీదా?"

అబద్ధం చెబుదామనుకుంది. వాడి ముందు రాలేదు.

"తెలుసు."

"అంటే తెలిసే ఇవ్వలేదు." వాడు లేచి నిలబడ్డాడు. "వెళ్ళిపో అక్కా. ఆయన భార్య వస్తోంది. ఇదంతా చేసింది నువ్వేనని తెలిస్తే ఆవిడ ఊరుకోదు. ఆపడం నావల్ల కాదు. నాకాపాలనీ లేదు."

ఏడాది తర్వాత విన్న అక్కా అన్న పిలుపు అది. మెట్లు దిగి, గేటు దాటి, బస్టాపులో నిలబడి ఏడ్చింది. చూసినవాళ్ళు చూశారు.

విచారణ జరిగింది. ఇంకో మెమో ఇచ్చారు. ఆ కుర్చీలోంచి తీసెయ్యలేదు, ఆ పని తెలిసిన మనిషి ఇంకొకరు లేరు మరి. ట్యాంకర్లు దాచుకోవడం ఆవిడ మానేసింది. మైకు మటుకు ఇప్పుడు ఒకటి కావలసి వస్తే నాలుగు అడుగుతున్నాడు.

పన్నెండు రోజులకి తూర్పు వాలు అంటుకుంది. బోర్డు మీద తొమ్మిది ట్యాంకర్లు. అటు రేంజరు ఆరు అడిగాడు, అంటే మూడు. ఇటు తొమ్మిదో జట్టు లైన్లోకి వచ్చింది.

"కంట్రోల్, ఎనిమిది ట్యాంకర్లు కావాలి."

పెద్దాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆ గొంతు అంత అంకె ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ మ్యాపు దగ్గరికి వెళ్ళి చూసింది. పొట్టి గడ్డి, పక్కనే వాగు. ఆవిడ లెక్కకి నాలుగు, మహా అయితే అయిదు. కానీ అక్కడ గాలి ఎలా ఉందో చూస్తున్నది వాడు, ఆవిడ కాదు. ఎనిమిదీ ఇస్తే రేంజరుకి ఒక్కటే మిగులుతుంది, అక్కడా మనుషులే ఉన్నారు. నాలుగే ఇచ్చి, వాడికి నిజంగా ఎనిమిది కావలసి ఉంటే?

మైకూ, రేంజరూ, ఇంజనీరూ, అందరూ వింటారని తెలిసే బటన్ నొక్కింది.

"తమ్ముడూ, నిజం చెప్పరా. ఎన్ని కావాలి?"

లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఎనిమిది, కంట్రోల్" అన్నాడు వాడు.

"ఎన్ని పంపమంటారు మేడమ్?" అని పెద్దాయన అడిగాడు. రెండోసారి కూడా అడిగాడు. తమ్ముడికి ఎన్ని కావాలో ఆవిడకు తెలియలేదు.