అరిచింది యేసోబే

ఆ ఆదివారం యేసోబుకు దయ్యం పట్టలేదు. పట్టిందని నేనే చెప్పాను. పట్టలేదని తెలిసే చెప్పాను. ఈ మాటలు ఏళ్ల తరబడి గొంతులోనే పెట్టుకుని వాక్యం చెప్పాను, పెళ్లిళ్లు చేశాను, చనిపోతున్నవాళ్ల చేతులు పట్టుకుని ప్రార్థించాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కొంచెం తేలిక.

అప్పుడు నేను ఆళ్లగడ్డ దగ్గర ఒక చిన్న సంఘానికి కాపరిని. యేసోబు బేల్దారి. మా మందిరం గోడలు కట్టింది అతనే. నోటికి అదుపు లేని మనిషి. పాట శ్రుతి తప్పినా, ప్రసంగం సాగినా, కూర్చున్నచోటి నుంచే అనేసేవాడు. అయినా బయట కనబడితే నన్ను అన్నా అని పిలిచేవాడు.

అతని తమ్ముడు తాగి తాగి చనిపోయాడు. సంఘం నుంచి తీసేసిన మనిషికి భూస్థాపన ప్రార్థన చేయడం మా నియమం కాదని చెప్పి నేను వెళ్లలేదు. నియమం ఉన్నమాట నిజమే. కానీ వెళ్లకపోవడానికి కారణం అది కాదు. ఆ రోజు నంద్యాలలో పెద్ద కూటాలు. వేదిక మీద నాకూ కాసేపు వాక్యం చెప్పే అవకాశం ఇచ్చారు. దాన్ని వదులుకోలేక నియమాన్ని అడ్డం పెట్టుకున్నాను.

ఆ సంగతి యేసోబుకు ఎలా తెలిసిందో తెలిసింది. మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లను ఎవరూ కూర్చోబెట్టరు. దేవుడు చేసిన మేలు చెప్పుకునే సమయం అది. అతను ఆ సమయానికే లేచేవాడు.

"మా తమ్మునికి పిడికెడు మన్నెయ్యనీకి అయ్యగారికి తీరల్యా. నంద్యాల్లో బిర్యానీ తిననీకి మాత్రం తీరింది. దేవునికి స్తోత్రం!"

అలవాటు కొద్దీ జనం "ఆమేన్" అనేవాళ్లు. ఆ తర్వాత నాలుక కరుచుకునేవాళ్లు. వెనక ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. వారం వారం ఇదే. నేను అతనింటికి వెళ్లి, తప్పయింది యేసోబూ అని ఉంటే ఆగిపోయేదా? ఆగిపోయేదనే అనుకుంటాను. అది తెలిసి కూడా వెళ్లలేదు.

ఆ ఆదివారం నంద్యాల నుంచి ఒక పెద్ద సంఘం పెద్దలు వచ్చారు. నన్ను తమ కాపరిగా తీసుకోవాలా వద్దా అని చూడడానికి వచ్చారు. యేసోబు లేచాడు. "మా తమ్మునికి..." అన్నాడు. నేను వేదిక దిగాను.

"ఇది యేసోబు మాట కాదు. వీడిలో దురాత్మ ఉంది. పట్టుకోండి!"

మా యువకులు పట్టుకున్నారు. అతను విదిలించుకుంటే, చూశారా దాని బలం అన్నాను. నలుగురు నేలకేసి అదిమారు. ఒకడు రొమ్ము మీద మోకాలు పెట్టాడు. డప్పు, కంజీర మొదలయ్యాయి. నేను నూనె సీసా అతని ముఖం మీద కుమ్మరించి, జుట్టు పట్టుకుని, "వదులుతావా లేదా" అంటూ చెంప మీద కొట్టాను. చెవి మీద కొట్టాను. మళ్లీ అక్కడే కొట్టాను. తల నేలబండకు తగిలిన చప్పుడు డప్పుల్లోనూ నాకు వినిపించింది.

"ఇడ్సన్నా! సచ్చిపోతాండా, ఇడ్సన్నా!"

"దయ్యం బతిమాలుతాంది!" అని వెనక నుంచి కేక. "ఇంగా గట్టిగా అయ్యగారూ!"

అతని భార్య మరియమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. "అది నా మొగుని గొంతయ్యా! ఆయప్పే ఏడుస్తాండాడు!" ఆమెను ఆడవాళ్లు పక్కకు లాగేశారు.

మా వాళ్ల నమ్మకం ప్రకారం, అలా పట్టుకున్నాక ఆ నోట వచ్చేదేదీ మనిషి మాట కాదు. నొప్పి అన్నా అది దయ్యం నొప్పే. కానీ నన్ను అన్నా అన్నది ఎవరో నాకు తెలుసు. అంతమంది మధ్య మరియమ్మకూ నాకూ మాత్రమే తెలుసు. తెలిసీ నా చెయ్యి ఆగలేదు. ఎందుకు ఆగలేదు? కోపమా? నంద్యాల పెద్దలు చూస్తున్నారనా? రెండూ కాదేమో. కొడుతుంటే సుఖంగా ఉంది. ఇది రాయడానికి చాలాసేపు పట్టింది.

చెవిలోంచి రక్తం వచ్చింది. దురాత్మ వెళ్లిపోయిందని ప్రకటించాను. అందరూ పాట ఎత్తుకున్నారు. ఆస్పత్రిలో, గోడ కడుతూ సారవ మీది నుంచి పడ్డాడని చెప్పించాను. నంద్యాల సంఘం నన్ను తీసుకుంది.

మొన్నీమధ్య ఒక పెళ్లి ప్రార్థనకు ఆళ్లగడ్డ వెళ్లాను. దారిలో ఒక కొత్త ఇల్లు కడుతున్నారు. యేసోబు అక్కడ పని చేస్తున్నాడు. గోడ బయటికి ఒరుగుతోందని మేస్త్రీతో వాదిస్తున్నాడు. మేస్త్రీ నవ్వాడు. "ఏందప్పా, మళ్లా వచ్చిందా నీకు? అయ్యగార్ని పిలిపించల్నా?" కూలీలంతా నవ్వారు. యేసోబు నోరు మూసుకుని తాపీ అందుకున్నాడు.

ఆ నోరు అలా మూసుకోవడం నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. ఆ సాయంత్రమే అతనింటికి వెళ్లాను.

"ఆ చెవికి ఇనపడదు. ఈ తట్టుకొచ్చి చెప్పు" అన్నాడు.

అటు వెళ్లి చెప్పాను. నీకు దయ్యం పట్టలేదు, నేను అబద్ధం చెప్పాను అన్నాను.

"నాతో చెప్తే ఏం లాభం? నాకు తెల్సు గదా" అన్నాడు. "ఇన్నేండ్లయినా నేనేమన్నా ఒగరూ నమ్మరు. ఆడ చెప్పుపో, వాళ్లకు."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

తర్వాతి ఆదివారం ఆ పాత మందిరంలో లేచి నిలబడి చెప్పాను. యేసోబు రాలేదు. మరియమ్మ గడప దగ్గర కూర్చుంది. సగంలో సంఘ పెద్ద ఒకరు, అయ్యగారికి ఒంట్లో బాగలేదంటూ పాట అందుకున్నారు. పాట పైన నా గొంతు పెంచాను. దయ్యం లేదు, అరిచింది యేసోబే, కొట్టింది నేనే అని పాట ఆగేదాకా చెప్పాను.

ఆనాడు రొమ్ము మీద మోకాలు పెట్టినవాడు లేచాడు. ఇప్పుడు పిల్లల తండ్రి.

"అయితే ఆ పొద్దు మేం తొక్కిపట్టింది మనిషినేనా అయ్యగారూ?"

"అవునప్పా. మనిషినే" అన్నాను.