ధాన్యం కాటా మీద తమ్ముడు

తమ్ముడి కరాటే బట్టలకి గంజి పెట్టే పని నాది. గంజి పెడితే గుద్దు విసిరినప్పుడు చొక్కా చెయ్యి ఫట్‌మంటుంది. ఆ చప్పుడు రాకపోతే వాళ్ళ మాస్టారు దాన్ని గుద్దు కింద లెక్కెయ్యరట. చెమటకి ఆ గంజి కరిగి, మెడంతా ఒరుసుకుపోయి, వాడికి ఎప్పుడూ ఎర్రగా పుండే. "మెత్తగా ఉతికిస్తాన్రా, చప్పుడు నువ్వే నోటితో చేసుకో" అనేదాన్ని. "నీకేం తెలీదక్కా, నోర్మూసుకుని గంజెట్టు" అనేవాడు. మా ఇంట్లో నా మాటకి అంతకంటే విలువ ఎప్పుడూ లేదు.

తొంభైలు అయిపోతున్న రోజులవి. తణుకు దగ్గర మా ఊళ్ళో, హైస్కూలు గ్రౌండులో పొద్దున్నే క్లాసు. చెప్పుల్లేకుండా గులకరాళ్ళ మీద పరుగు, ఇసక బస్తాని పిడికిళ్ళతో గుద్దడం, పడుకున్నవాడి పొట్ట మీద ఇంకొకడు ఎక్కి నిలబడ్డం. వేళ్ళ కణుపులు వాచిపోయి వాడికి పెన్ను పట్టుకోవడమే కష్టమైపోయింది. కాలి బొటనవేలి గోరు ఊడొచ్చింది. అమ్మ పసుపూ కొబ్బరినూనే కలిపి రాసేది. డాక్టరుకి చూపిద్దామంటే నాన్న నవ్వేవారు. "దెబ్బల్లేకుండా కరాటే ఎలా వస్తుందే?" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. తన కాల్లో ముల్లు గుచ్చుకుంటే మాత్రం ఇల్లంతా ఒంటికాలి మీద నిలబడాలి.

ఆ యేడు మే నెలలో రాజమండ్రిలో సెలక్షన్లు. అందులో గెలిచి పై పోటీలకి వెళ్తే సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టుంటే స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటు. ఇంటర్ మార్కులతో వాడికి సీటు రాదని వాడికీ తెలుసు, మాకూ తెలుసు. వాడి బరువు యాభై మూడు, యాభై నాలుగు మధ్య ఉండేది. ఆ బరువులో ఆడేవాళ్ళలో కాకినాడ కుర్రాడొకడు అంతకుముందే వీణ్ణి పళ్ళు కదిలేలా తన్నాడు. అందుకని మాస్టారు ఉపాయం చెప్పారు. యాభై కిలోల లోపుకి దిగిపో, అక్కడ నీకు అడ్డెవడూ లేడు అని. పొడుగ్గా, బక్కగా, పక్కటెముకలు కనబడుతూ ఉండే పిల్లాడు. వాడి ఒంట్లో తగ్గించడానికి ఏముందండీ?

నాన్న ఊరి చివర ఉప్పుడు బియ్యం మిల్లులో కాటా గుమస్తా. రైతులు తెచ్చిన ధాన్యం తూచి, బరువు రాయించి, బస్తాలు లోపలికి పంపించడం ఆయన పని. తమ్ముడి బరువు తగ్గించే పని కూడా ఆ మిల్లులోనే జరిగింది. ధాన్యం ఉడికించే బాయిలరు దగ్గర, ఊక మండే పొయ్యికెదురుగా స్టూలేసుకుని కూర్చునేవాడు. ఎరువుల బస్తాల లోపలుండే పాలిథిన్ సంచి కడిగి, తలకీ చేతులకీ కన్నాలు కోసి, దాన్ని బనీను కింద తొడుక్కునేవాడు. ఎంత కడిగినా ఆ సంచికి ఎరువు వాసన పోదు. ఒళ్ళంతా దద్దుర్లు. సంచి విప్పితే చెమట కుండలోంచి వంపినట్టు కారేది.

అన్నం మానేశాడు. రెండు ఇడ్లీలు తిని, ఒకటి ఎక్కువైందేమో అని బెంగపడేవాడు. ఉసిరికాయ బుగ్గన పెట్టుకుని ఊరిన నీళ్ళన్నీ ఉమ్మేస్తూ తిరిగేవాడు. నీళ్ళు పుక్కిలించేవాడే గానీ మింగేవాడు కాదు. పైగా విరేచనాలకి సునాముఖి ఆకు కషాయం. అమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని వెనకాలే తిరిగేది. "ఒక్క గుక్క తాగరా, నా బంగారు కొండవి కదూ" అంటే, "అమ్మా, నన్ను ఓడించడానికి పుట్టావే నువ్వు" అని అరిచేవాడు. అమ్మ వంటింట్లోకెళ్ళి ఏడ్చేది. ఛీ, ఇదేం ఆట, ఇదేం గెలుపు అని నేను నాన్నతో దెబ్బలాడితే, "సీటొస్తే నువ్వే ఊరంతా చెప్పుకుంటావు, చాల్లే" అని కొట్టిపారేసేవారు.

నాన్నకి ఆ రోజుల్లో ఎంత సంబరమో! రెండో పంట దాళ్వా ధాన్యం వచ్చిపడుతున్నా, సాయంత్రం రైతులు వెళ్ళిపోగానే తమ్ముణ్ణి కాటా ఎక్కించేవారు. కాటా అంటే ఇనప పలక, పక్కన తూకపు గుళ్ళు వేసే కొక్కెం, మీద జరిపే ముల్లు. ఆయనే ముల్లు జరిపేవారు, ఆయనే వంగి చూసేవారు, ఆయనే గట్టిగా చదివేవారు. హమాలీలు కూడా పని ఆపి చుట్టూ చేరేవాళ్ళు. బయల్దేరే ముందురోజు సాయంత్రం ముల్లు యాభైకి కాస్త లోపే నిలబడింది. నాన్న వాడి భుజం మీద చరిచి, "నా కొడుకు అనుకున్నది సాధిస్తాడు" అన్నారు. వాడు నవ్వాడు. పెదాలు పగిలి ఉన్నాయి కదా, నవ్వితే రక్తం వచ్చింది.

మర్నాడు తెల్లారి బస్సుకి నాన్నా, తమ్ముడూ, నేనూ రాజమండ్రి వెళ్ళాం. అమ్మ బలవంతంగా నన్ను కూడా పంపించింది, పోటీ అవగానే వాడికి అన్నం తినిపించమని. క్యారేజీ నా ఒళ్ళో ఉంది. అందులో పెరుగన్నం, ముద్దపప్పు. బ్రిడ్జి మీద వెళ్తుంటే వాడు కిటికీలోంచి గోదారిని చూస్తూ, "అక్కా, అయిపోగానే పుష్కరాల రేవుకెళ్ళి నిండా మునిగి, మునిగినచోటే నోరు తెరుస్తా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది.

పోటీలు పెట్టిన చోటికి మాస్టారు ముందే వచ్చి ఉన్నారు. గుమ్మం దగ్గరే బరువు చూస్తున్నారు. తమ్ముడు బట్టలు విప్పి, నిక్కరుతో ఎక్కాడు. యాభై ఒకటిన్నర! దిగి మళ్ళీ ఎక్కాడు. అదే. మాస్టారి మొహం మాడిపోయింది. "ఏంట్రా ఇది? నిన్న సాయంత్రం యాభై లోపన్నావు. రాత్రి ఏం మెక్కావు?" అన్నారు అందరి ముందూ.

"ఏం తినలేదండి" అన్నాడు వీడు.

"నీళ్ళు తాగావా?"

"లేదండి. ఒట్టండి. నాన్నని అడగండి, నాన్నే తూచారు."

మాస్టారు నాన్న వంక చూశారు. నేనూ చూశాను. నాన్న ఏదో ఒకటి అంటారని, మీ మెషినే తప్పంటూ గొడవేసుకుంటారని ఎదురుచూశాను. ఆయన నేలకేసి చూస్తూ నిలబడ్డారు. నేనే ముందుకెళ్ళి, "మా మిల్లు కాటా మీద సరిగ్గా ఉన్నాడండీ, మీ మెషిను చూసుకోండి" అని అరిచాను. అక్కడ కూర్చున్నాయన మర్యాదగానే, "ఇప్పటిదాకా ఎక్కినవాళ్ళందరూ దీని మీదే ఎక్కారమ్మా" అన్నాడు. మధ్యాహ్నం దాకా బరువులు చూస్తూనే ఉంటామనీ, ఈలోగా తగ్గితే తీసుకుంటామనీ, లేదంటే పై బరువులో ఆడించుకోమనీ చెప్పాడు. నాన్న నా రెక్క పట్టుకుని వెనక్కి లాగారు. "ఊరుకో అమ్మాయ్" అన్నారు. పరాయి ఊళ్ళో అధికారుల్ని చూసి బెదిరిపోయారనుకున్నాను. అంత పిరికి తండ్రి అని అప్పటిదాకా తెలీనందుకు నాకే సిగ్గేసింది.

"పై బరువులోనే ఆడరా, లేదంటే ఇంటికి పోదాం రా" అని తమ్ముడి చెయ్యి పట్టుకున్నాను. వాడు విడిపించుకున్నాడు. "మాస్టారు నన్ను దొంగతిండి తిన్నానంటున్నారక్కా. నువ్వు విన్నావు కదా" అన్నాడు. సీటు మాట కూడా ఎత్తలేదు. సంచి తొడుక్కుని, దాని మీద బనీను, దాని మీద నేను గంజి పెట్టిన ఆ చొక్కా, ఆపైన ఎవరిదో స్వెట్టరు వేసుకుని గ్రౌండులోకి పరిగెత్తాడు.

రాజమండ్రి మే ఎండ గురించి నేను మీకు చెప్పాలా? నీడలో నిలబడ్డ నాకే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. వాడు గ్రౌండు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. మాస్టారు గట్టు మీద గొడుగేసుకుని, "అదీ! ఇంకొక్క రౌండు!" అంటున్నారు. నాన్న చెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి వాడికి చెమట పట్టడం ఆగిపోయింది. మొహం ఎర్రబడి పొడిగా అయిపోయింది. బరువు దిగిందనుకుని అందరూ సంతోషించారు. నేనూ, ఇక ఆగుతాడు కదా అని ఊపిరి పీల్చుకున్నాను. చెమట ఆగిపోవడం ఎంత ప్రమాదమో ఆ గ్రౌండులో ఒక్కడికీ తెలీదు.

వాణ్ణి తీసుకెళ్ళి మెషిను ఎక్కించారు. సరిపోయింది. మాస్టారు వీపు మీద కొట్టారు. వాడు దిగబోయి, అక్కడే కుప్పకూలిపోయాడు.

ఆస్పత్రిలో ఒంటేలు పోయించడానికి గొట్టం పెడితే కాఫీ డికాషన్ రంగులో వచ్చింది, అదీ కొంచెమే. కండరాలు కరిగి రక్తంలో కలిశాయనీ, కిడ్నీలు దెబ్బతిన్నాయనీ డాక్టరుగారు చెప్పారు. "ఇంత ఎండలో ఆ సంచి ఎందుకు తొడిగారండీ?" అని నాన్నని అడిగారు. డాక్టరుగారు వెళ్ళాక నాన్న వరండాలో బల్ల మీద కూలబడి నాతో అన్నారు.

"మన కాటాయే తప్పమ్మా."

నాకు అర్థం కాలేదు.

"తక్కువ చూపిస్తుంది. ధాన్యం కొనే కాటా కదా. ఎప్పుడో మిల్లు షావుకారు చేయించాడు. అందరి మిల్లుల్లోనూ అంతే."

"మీకు తెలుసా?"

"నేనే కదమ్మా తూచేది. అది ధాన్యానికని నా బుర్రలో ఉండిపోయింది. మనిషికీ అంతే చూపిస్తుందని తట్టలేదు. ఆ మెషిను మీద వాడు ఎక్కినప్పుడు తట్టింది" అన్నారు.

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"మాస్టారి అన్నగారి ధాన్యం ఏటా మన కాటా మీదే కదా తూగేది. ఆయన ముందు ఎలా చెప్పను?"

ఆ క్షణంలో ఆయన్ని అసహ్యించుకున్నాను. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను. కొడుకుని అందరి ముందూ దొంగతిండి తిన్నవాడంటుంటే విన్నారు. ఎండలో పరిగెడుతుంటే చూశారు. నోట్లోంచి ఒక్క ముక్క వస్తే సరిపోయేది. పరువు పోయేది, అంతేగా! పోతే పోయేది!

తమ్ముడు బతికాడు. కిడ్నీలు మాత్రం కోలుకోలేదు. వారం వారం రాజమండ్రిలో డయాలసిస్. అమ్మ తన కిడ్నీ ఇస్తానంది, పనికిరాదన్నారు. నాన్నకి షుగరు. నేనిస్తానంటే నా రక్తం గ్రూపు కలవలేదు. నాన్న మిల్లు ఉద్యోగం మానలేదు. మానితే వైద్యం ఆగిపోతుంది. రోజూ ఆ కాటా దగ్గరే నిలబడి, అదే ముల్లు జరిపి, అదే తప్పుడు బరువు చదివేవారు.

కాటా సంగతి తమ్ముడికి నేనే చెప్పాను. "అంటే నేను తిన్లేదని తేలింది కదా" అన్నాడు. తర్వాత, "మాస్టారికి చెప్పారా?" అని అడిగాడు. చెప్పలేదు. ఎన్నిసార్లు తగువేసుకున్నా నాన్న చెప్పలేదు. చివరికి నేనే వెళ్ళి చెబితే మాస్టారు నమ్మలేదు. పెద్దమనిషి మీద నిందలెయ్యకమ్మా అన్నారు.

అన్నిటికంటే పెద్ద నరకం నీళ్ళు. కిడ్నీలు పనిచెయ్యనివాడు తాగిన నీళ్ళు ఒంట్లోనే ఉండిపోతాయి, ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. రోజు మొత్తానికీ ఒక గ్లాసున్నర, మాత్రలతో కలిపి. ఆ గ్లాసు కాపలా నాది. ఎండాకాలంలో వాడు నాలుక బయటపెట్టి, "అక్కా, ఒక్క చుక్క" అంటే, తడిగుడ్డతో పెదాలు తుడిచి పక్కకి తిరిగేదాన్ని. ఒకసారి బాత్రూంలో బకెట్టులోవి తాగేశాడు. ఆ సాయంత్రం ఆయాసంతో చచ్చి బతికాడు. ఆ తర్వాత బకెట్టు కూడా ఖాళీగా ఉంచేవాళ్ళం. మా ఇంటి ముందు కాలవ నిండుగా పారేది. ఆ వైపు కిటికీ మూసేశాం.

రెండేళ్ళు దాటాక చేతుల్లో డయాలసిస్ సూది పెట్టడానికి నరాలు దొరక్కుండా పోయాయి. గుండె కూడా అలిసిపోయిందన్నారు. ఒక మధ్యాహ్నం ఆస్పత్రిలో డాక్టరుగారు నన్నూ నాన్ననీ గది బయటికి పిలిచారు. చాలా మెల్లిగా చెప్పారు. "ఇక డయాలసిస్ మెషిను మీద పెట్టలేమండి. అబ్బాయి ఏమడిగితే అది పెట్టండి. నీళ్ళు కూడా, ఎంత అడిగితే అంత ఇవ్వండి."

నాన్న గోడకి చేరబడిపోయారు. తలుపు సందులోంచి అమ్మకి ఆఖరి మాట ఒక్కటే వినబడింది. మొహం వెలిగిపోయింది. పరిగెత్తుకుంటూ చెంబు తీసుకుని, పక్క మంచం ఆవిడతో, "మావాడికి నయమవుతోందండీ, నీళ్ళు తాగొచ్చన్నారు!" అని చెబుతూ గ్లాసు నిండా వంపింది. తమ్ముడు అమ్మని చూశాడు, గుమ్మంలో ఉన్న నన్ను చూశాడు. వాడికి తెలిసిపోయింది. అమ్మ చేతిలోంచి గ్లాసు తీసుకుని, ఆపకుండా మొత్తం తాగి, ఖాళీ గ్లాసు మళ్ళీ అమ్మకే ఇచ్చి, "చల్లగా ఉన్నాయే అమ్మా, ఇంకో గ్లాసు పొయ్యి" అన్నాడు.