తలుపు లోపలి భాష

ఆ రోజుల్లో, అంటే నాకు ఐదేళ్లు నిండి లోకమంతా అర్థమైపోయిందని నమ్మిన రోజుల్లో, మనుషులకు రెండు భాషలు ఎందుకో నాకు బాగా తెలుసు. ఎవరూ నేర్పలేదు, నేనే కళ్ళారా చూసి తేల్చుకున్నాను. వీధికి తమిళం, ఇంటికి తెలుగు. రాయపురంలో మేముండే మేడ మెట్ల మీద, కుళాయి దగ్గర, చేపలు తెచ్చే ఆవిడతో మా అమ్మ గడగడా తమిళం మాట్లాడేది. గడప దాటగానే చెప్పులు విడిచినట్టు దాన్ని బయట విడిచి తెలుగులోకి వచ్చేసేది. నాయనా అంతే, అవ్వా అంతే. కాబట్టి అందరూ అంతేనని, తలుపులు వేసుకున్నాక చెన్నై మొత్తం తెలుగే మాట్లాడుతుందని తీర్మానించుకున్నాను. (మా వాళ్ళు ఈ ఊరొచ్చి ఎన్ని తరాలైందో మా అవ్వకే తెలియదు. ఇక నాకు అనుమానం ఎందుకొస్తుంది?)

మా పై వాటాలో చిట్టు ఉండేది. నా ఈడుదే, నా క్లాసే. మా ఆటలన్నీ మెట్ల మీదే, ఎందుకంటే దిష్టి భయంతో అవ్వ నన్ను ఎవరింట్లోకీ పోనిచ్చేది కాదు. ఒకరోజు పెద్ద వాన పట్టుకుని బడి ముందే వదిలేశారు. అమ్మా అవ్వా ఊరి చివర మనలిలో చుట్టాలింటికి వెళ్ళి వానలో చిక్కుకున్నారు. మా తలుపుకు తాళం చూసి, చిట్టు వాళ్ళమ్మ నన్ను తమ ఇంట్లోకి తీసుకెళ్ళి, తల తుడిచి, వేడివేడి రసం అన్నం పెట్టింది. ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, నా గుండె ఆగినంత పనైంది. ఆవిడ ఇంటి లోపల, వంటింట్లో, సొంత కూతురితో తమిళం మాట్లాడుతోంది.

మొదట మర్యాదగానే ఆలోచించాను. పరాయి మనిషిని నేనొకదాన్ని ఉన్నాను కదా, చుట్టాలు కానివాళ్ళు వస్తే మా ఇంట్లోనూ తమిళమే. సరే పాపం అని, అమ్మ వచ్చాక, ఇంటికి పోతున్నట్టు నాలుగు మెట్లు దిగి, మళ్ళీ పిల్లిలా ఎక్కి వాళ్ళ తలుపు వెనక నిలబడ్డాను. వాళ్ళ నాన్న వచ్చాడు, తమిళం. వాళ్ళ తాత దగ్గి మంచినీళ్ళు అడిగాడు, తమిళం. ఆఖరికి దేవుడి పటం ముందు దీపం పెట్టి వాళ్ళమ్మ దణ్ణం పెట్టుకున్నదీ తమిళమే. దేవుడి దగ్గర కూడా నటించేవాళ్ళు ఉంటారా అని నాకు ఒళ్ళు జలదరించింది. ఇంటికి పోయి దుప్పటి కప్పుకున్నా వణుకు తగ్గలేదు. (వానలో తడిసిందని అమ్మ మిరియాల కషాయం పట్టింది.)

నా స్నేహితురాలు ఎంత ప్రమాదంలో ఉందో తలుచుకుంటే అన్నం సయించలేదు. మర్నాడు మెట్ల మీద కూర్చోబెట్టి విచారణ మొదలుపెట్టాను. నువ్వు ఏడిస్తే మీ అమ్మ ఏ భాషలో ఊరుకోబెడుతుంది? తమిళం. జ్వరం వస్తే? తమిళం. ఎవరూ లేనప్పుడు? అప్పుడూ తమిళమే. ఇక సందేహం ఏముంది? ఇది నీ ఇల్లు కాదు, ఆవిడ నీ అమ్మ కాదు, నిన్ను వీధిలో ఎక్కడో దొరకబుచ్చుకుని ఉంటారు, నీ అసలమ్మ తెలుగు మాట్లాడుతూ ఎక్కడో ఉంది అని చల్లగా చెప్పేశాను, వీధి తమిళంలోనే.  చిట్టు లేచి మెట్లెక్కి పోయింది.

ఆ సాయంత్రం చిట్టు కనబడలేదు. ముందు వాళ్ళమ్మ మెట్ల మీద పిలిచింది, తర్వాత కుళాయి దగ్గర పిలిచింది, ఆ తర్వాత ఆ గొంతు మారిపోయింది. మేడంతా కిందికి దిగింది. మా వీధి చివర లారీలు ఎలా వెళతాయో అందరికీ తెలుసు, ఆ పక్కన సముద్రం ఉన్న సంగతీ తెలుసు. కానీ ఎవరూ ఆ మాట పైకి అనలేదు. నాయన హార్బరు వైపు పరుగెత్తాడు. వాళ్ళమ్మ చెప్పులైనా లేకుండా చేపల మార్కెట్టంతా తిరిగి వచ్చింది. ఆవిడ మొహం చూసి నేను మా అమ్మ కొంగులో దూరాను. అప్పటికి కూడా, అసలమ్మ వచ్చి తీసుకుపోయిందేమో, పోనీలే అనుకుంటున్నాను.

చిట్టు దొరికింది మా ఇంట్లోనే. మేమంతా వీధిలో వెతుకుతుంటే మా మంచం కింద, చుట్టిపెట్టిన చాపల వెనక నిద్రపోతోంది. తెలుగు మాట్లాడే ఇల్లు దానికి ఇదొక్కటే తెలుసు, అందుకని అసలమ్మ ఇక్కడికే వస్తుందని కాచుకుని కూర్చుంది. అవ్వ చాపలు లాగితే బయటపడి, కళ్ళు నులుముకుంటూ మా అమ్మను చూసి, "నీంగదాన్ ఎన్ అమ్మావా?" అంది. మీరేనా మా అమ్మ అని.

గుమ్మం నిండా జనం. అమ్మ నిదానంగా నా వైపు తిరిగింది. నేను దాచుకోవలసిందేమీ లేదు గనక శాస్త్రమంతా మొదటినుంచీ విడమరిచి చెప్పాను. "ఇదేం బుద్ధే నీకు, ఈడ ఉండేవాళ్ళంతా మన మాటే ఆడతారని ఎవురు చెప్పినారే," అని అవ్వ నేల మీద కూలబడింది. నవ్వు మాత్రం ఎవరికీ రాలేదు. ఎందుకంటే చిట్టు వాళ్ళమ్మ చేతులు చాస్తే, అది వెనక్కి జరిగి మంచం కోడు పట్టుకుంది. ఆవిడ బతిమాలిన కొద్దీ ఆ తమిళానికి మరింత ముడుచుకుపోయింది.

అప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకుని, ముక్కు ఎగబీల్చి, అంది: "అన్నానికి రామ్మా. సల్లారిపోతాది." అది మా అమ్మ మాట. రోజూ గడప లోపల నిలబడి నన్ను పిలిచే మాట. పై వాటాలో వింటూ వింటూ ఆవిడకు పట్టుబడిందట, ఆ ఒక్కటే వచ్చట. చిట్టు కోడు వదిలేసి పోయి ఆవిడ మెడకు చుట్టుకుంది. అందరికన్నా ఎక్కువ దిగ్భ్రాంతి చెందింది నేను. ఇంత తెలుగు పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎందుకు దాచిందీవిడ?

ఇప్పుడు నాకొక కూతురు, దానికీ ఐదేళ్లే. దాని బడి, దాని స్నేహితులు, దాని తండ్రి, అంతా తమిళం. నేనూ ఆఫీసు నుంచి వచ్చి, ఓపిక లేక, అదే భాషలో అన్నం పెడతాను. మొన్నొక సాయంత్రం ఎందుకో మనసు లాగి, దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెలుగులో కబుర్లు చెప్పబోయాను. పిల్ల మొహం పాలిపోయింది. యారు సెత్తుపోయిట్టాంగ అని గుసగుసగా అడిగింది, ఎవరు చనిపోయారు అని. అమ్మ తెలుగు మాట్లాడేది చుట్టాల ఫోన్లలోనే, ఆ ఫోన్లు మోసుకొచ్చేది అలాంటి వార్తలే. పాపం అదీ కళ్ళారా చూసి తేల్చుకుంది.

ఎవరూ పోలేదు తల్లీ, ఊరికే అన్నాను. దాని ప్రాణం కుదుటపడింది. కానీ వదలకుండా అడిగింది, మరైతే తెలుగులో ఎందుకు మాట్లాడుతున్నావని. నవ్వాను, జవాబుకు తెలుగు మాటలు వెతుక్కున్నాను. చివరికి జవాబు తమిళంలోనే చెప్పాను.