మైనానికి ముందు పని

మా ఆయన పోయారు. బడిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే మోటారు షెడ్డు సాయిబు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. చేతులకున్న గ్రీజు కూడా తుడుచుకోలేదు. "అక్కా, అన్న కారు పక్కనే కూలబడినాడు. లేపితే లేయలేదు," అన్నాడు. పిల్లలు ఎక్కం చదువుతూనే ఉన్నారు.

ఆయన పేరు ఇక్కడ రాయను, చదివేవారు మన్నించాలి. పెళ్ళయినప్పటి నుంచి నోటితో అననిది ఇప్పుడు కలంతో అంటే ఆయనే నవ్వుతారు. అనంతపురంలో కారున్న ఇళ్ళవాళ్ళకు ఆయన పాలిష్ మేస్త్రి, పని చేసేది సాయిబు షెడ్డులో. నిజానికి పాలిష్ చివరి పని, తేలిక పని. అసలు పనంతా అంతకుముందే. తాడిపత్రి నుంచి వచ్చే కారు మీద బండల పొడి, కంబదూరు దారిలో వచ్చేదాని మీద ఎర్రమన్ను, అన్నిటి మీదా తారు చుక్కలు. పొడి దుమ్ము తుడిస్తే రంగుకు గీతలు పడతాయని, ముందు చెయ్యి తగలకుండా పైనుంచి నీళ్ళు ధారగా పోసేవారు. తారు చుక్కలను కిరసనాయిలుతో తీసేవారు. ఆ తర్వాత గుడ్డలో జల్లించి వస్త్రగాలితం పట్టిన సుద్దపొడి తడిపి, మెత్తటి గుడ్డతో రుద్దడం. రంగులో ఇరుక్కున్న నలుసులన్నీ పోయాకే పాలిష్ మైనం డబ్బా మూత తీసేవారు. తొందరపెట్టేవాళ్ళకు ఒకటే మాట చెప్పేవారు: "మురికి మీద మైనం పూస్తే మురికికే మెరుగొస్తాదన్నా."

ఈ కరువు సీమలో ఆ నీళ్ళ కోసమే మా ఇంట్లో కొట్లాటలు. బావి అడుగంటిన ఎండాకాలంలో తన స్నానం నీళ్ళు షెడ్డుకు మోసుకుపోయేవారు. "కారుకు పోసి నువ్వు కంపు కొట్టుకుంటా తిరుగు," అని నేను అరిస్తే, "దుమ్ము తుడిస్తే నాకేం గీతలు పడవులేమే," అనేవారు. ఇక ఆ మెత్తటి గుడ్డలు నా చీరలే. చీర చిరగక ముందే దాని మీద ఆయన కన్ను పడేది. ఊళ్ళో శెట్ల కార్లన్నీ నా పెళ్ళినాటి చీరలతోనే మెరిశాయని దెప్పేదాన్ని.

నలుసు మిగిలిందో లేదో కంటికి కనబడదు. పలచటి చీరముక్క రంగు మీద పరిచి, కళ్ళు మూసుకుని, దానిపైన వేళ్ళు జార్చేవారు. గుడ్డ అడ్డముంటేనే గరుకు బాగా తెలుస్తుందనేవారు. నేను నమ్మక చేసి చూశాను, నిజమే.

ఆ వేళ్ళే పోయాయి. ఒకనాడు పొద్దున పొగలు కక్కే కాఫీ గ్లాసు పట్టుకుని కబుర్లు చెబుతూ కూర్చున్నారు. గ్లాసు దించాక చూస్తే వేళ్ళకు బొబ్బలు. "కాల్లేదా?" అన్నాను. ఆయన వేళ్ళ వంక, నా వంక చూశారు. "తెలీలేదే," అన్నారు. ఆసుపత్రిలో చక్కెర రోగమని మందులిచ్చారు. వేళ్ళకు స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. వేళ్ళు మొద్దుబారాయంటే మా వైపు జనానికి గుర్తొచ్చేది ఒకటే, కుష్టు. ఆ మాట పుట్టిందా, షెడ్డుకు ఒక్క కారు రాదు. పని లేకపోతే ఈ మనిషి బతకడని నాకు తెలుసు.

అందుకని మధ్యాహ్నం బడి విడవగానే సంగటి క్యారియరు పట్టుకుని షెడ్డుకు పోయేదాన్ని. కారుకు గోడవైపు నిలబడి చీరముక్క మీద వేళ్ళు జార్చేదాన్ని. గరుకు తగిలిన చోట "ఈడ" అని పక్కకు జరిగితే ఆయన వచ్చి రుద్దేవారు. మళ్ళీ నేను చూసేదాన్ని. సుద్దముక్క తప్ప ఎరగని నా వేళ్ళను నమ్మి ఆయన తన పనంతా వాటికి అప్పగించారు. అంతగా నన్ను మరెవరూ నమ్మలేదు. మా కాపురంలో మేమిద్దరం అంత దగ్గరగా మెలిగింది కూడా ఆ రోజుల్లోనే. సాయిబు చూసీ చూడనట్టు ఇంజన్లో తల దూర్చేవాడు.

ఒక మధ్యాహ్నం తాడిపత్రి శెట్టి ఒకాయన చెప్పిన వేళకన్నా ముందే వచ్చాడు. తన నల్లకారు మీద నా చెయ్యి చూశాడు.

"ఏమప్పా, ఆడమనిషితో పని చేయిస్తాండావు? నీ చేతులకేమైనాది?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోమని కళ్ళతోనే బతిమాలాను. ఆయన రెండు చేతులూ చాపి చూపించారు.

"వేళ్ళు మొద్దుబారినాయన్నా. చక్కెర రోగం. ఏం తగిలినా తెలీదు. పనిలో తేడా రాకూడదని ఈమెను పిలుచుకున్నా. తడిమి చూడు, యాడన్నా గరుకుండాదేమో."

శెట్టి తడిమి చూడలేదు. ఆ చేతులకు దూరంగా వెనక్కి తగ్గాడు. మైనం పూయించకుండానే కారు తోలుకుపోయాడు.

"ఎందుకు చెప్పినావయ్యా?" అని ఏడ్చాను.

"నువ్వు ఇంత సాయం చేస్తాంటే, చేయలేదని యెట్లా అనేదే?" అన్నారు.

మా ఊళ్ళో వాన రాదు గాని, మాట మాత్రం ఇట్టే పాకుతుంది. కార్లు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. ఆ జనం మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు. ఆయన మాత్రం రోజూ షెడ్డుకు పోయేవారు. మూలన పడి ఉన్న సాయిబు పాత కారును, ఎవరూ ఎక్కని దాన్ని, కడుగుతూ రుద్దుతూ ఉండేవారు. "ఎవరు చూస్తారన్నా దీన్ని?" అని సాయిబు అంటే, "నేను చూస్తాండాను గదప్పా," అనేవారు. మధ్యాహ్నం పూట దాన్నీ నేను తడిమి చెప్పేదాన్ని. ఆ కారు పక్కనే ఆయన పోయారు.

చుట్టాలందరూ వెళ్ళిపోయాక నేను షెడ్డుకు పోయాను. సాయిబు బయటికి నడిచాడు. ఆయన రుద్దుతూ వదిలేసిన సుద్ద కారు తలుపు మీద తెల్లగా ఆరిపోయి ఉంది. తడిగుడ్డతో తుడిచాను. చీరముక్క పరిచి మెల్లగా వేళ్ళు జార్చాను. పిడి కింద గరుకు తగిలింది.

"ఈడ," అన్నాను.

ఆయన వచ్చి రుద్దడానికి చోటిచ్చి, పక్కకు జరిగి నిలబడ్డాను.