దారి తెలిసిన నేనూ, మాట్లాడని మా అత్తయ్యా

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఒకటి ఉంటుందని నాకు తెలియదు. ఇరవై మూడేళ్ళ వయసు, అద్దంకి దగ్గర ఒక పత్తి మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం, చేతిలో కొత్త ఫోను. ఎవరేది అడిగినా ముందు జవాబు చెప్పి, తర్వాత అది నిజమో కాదో వీలున్నప్పుడు చూసుకునేదాన్ని. (చాలాసార్లు వీలుండేది కాదు.) అందులోనూ గుంటూరు గురించి అడిగితే నా గొంతులో ఒక పెద్దరికం వచ్చేసేది. ఎందుకంటే నేను ఇంటర్ గుంటూరులో చదివాను. రెండేళ్ళు చదివాను. మా బంధువులందరికీ ఆ సంగతి తెలుసు. ఆ కాలేజీ చుట్టూ రెండు నిలువుల గోడ ఉండేదనీ, దసరాకి, క్రిస్మస్‌కి మా నాన్న వచ్చి బస్సెక్కించి తీసుకెళ్ళడం తప్ప నేను ఆ గోడ దాటి ఎరగననీ మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నాకు తెలిసిన గుంటూరు అంటే ఒక మెస్సు, ఒక స్టడీ హాలు, కిటికీలోంచి కనిపించే ఒక సెల్ టవరు.

మా అత్తయ్య, అంటే మా నాన్నకి పెద్దక్క, ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేసి అప్పుడే రిటైరైంది. మా చర్చిలో పాట ఎత్తుకోవాలంటే ఆవిడే ఎత్తుకోవాలి. అందుకని ఊళ్ళో అందరికీ ఆవిడ 'పాటల టీచరమ్మ'. అయితే ఆవిడ దగ్గర కీర్తనలు కాక ఇంకో రకం పాటలు కూడా ఉన్నాయని నాకు ఒక రోజు అనుకోకుండా తెలిసింది. వంటింట్లో ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తూ, ఎవరూ లేరనుకుని, మిరప కోతల్లో మా నాయనమ్మ పాడే పాట ఒకటి పాడుకుంటోంది. నేను తలుపు చాటున నిలబడి ఫోనులో రికార్డు చేశాను. సరిగ్గా ఆ వారంలోనే, గుంటూరులో ఒక పార్కులో మూడు రోజుల పాటల పండుగ జరుగుతుందనీ, మొదటిరోజు పొద్దున చుట్టుపక్కల ఊళ్ళ గాయకులకి తలా ఐదు నిమిషాలు ఇస్తారనీ ఫోనులో కనిపించింది. ఆవిడని అడక్కుండా ఫారం నింపేసి, ఆ పాట పంపేశాను. పది రోజులకి పిలుపొచ్చింది. శుక్రవారం, ఉదయం పదకొండు గంటలకు.

అత్తయ్య మొదట నన్ను తిట్టింది. తర్వాత, "అంత దూరం ఎవరు తీసుకెళ్తారే?" అంది. అప్పుడు నేను అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"గుంటూరు నాకొదిలెయ్ అత్తయ్యా. కళ్ళు మూసుకుని తీసుకెళ్తా."

వెళ్ళడానికి ముందురోజు పొద్దున్నుంచి అత్తయ్య మౌనం పట్టింది. పాడే ముందు ఒక రోజంతా మాట్లాడకపోతే గొంతు తేటగా ఉంటుందని ఎవరో చెప్పారట. మా అత్తయ్య ఏ పనైనా సగం సగం చెయ్యదు. పాలవాడితో మాట్లాడలేదు, పాస్టరుగారితో మాట్లాడలేదు, చేతి మీద వేడి గంజి పడితే కూడా నోరు తెరవలేదు. మెడకి మఫ్లరు, సంచిలో మిరియాల నీళ్ళ ఫ్లాస్కు, ఒక పెన్సిలు, చిన్న నోటుబుక్కు. మార్చి నెల ఎండలో మఫ్లరుతో ఉన్న మనిషినీ, ఆమె పక్కన అంతా తెలిసిన మొహంతో నన్నూ మా నాన్న మర్నాడు పొద్దున్నే బస్సెక్కించి, నాకేసి చూసి, "జాగ్రత్తే" అన్నాడు. ఎవరి గురించి అన్నాడో ఆయన స్పష్టంగా చెప్పలేదు.

బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు మా దగ్గరికొచ్చి అత్తయ్యని "ఎక్కడికమ్మా?" అని అడిగాడు. అత్తయ్య గొంతు చూపించి చెయ్యి ఊపింది. ఆయన మొహం మెత్తబడిపోయింది. ముందు సీటులో కూర్చున్న లావుపాటి ఆయన భుజం తట్టి, "లేవండి సార్, పాపం ఆమెకి మాట రాదు" అన్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకి అబద్ధం ఆడకూడదని చెప్పిన మనిషి కదా, అత్తయ్య ఆ సీటు వద్దని గట్టిగా తల అడ్డంగా ఊపింది. "చూశారా, ఎంత అభిమానమో!" అన్నాడు కండక్టరు బస్సంతటికీ వినిపించేలా. దాంతో ఇంకో ఇద్దరు లేచారు. నేను అసలు సంగతి చెబుదామనే అనుకున్నాను. కానీ అప్పటికే నన్ను కూడా ఒకామె జరిగి కూర్చోబెట్టుకుంది. చిలకలూరిపేట దాకా ఆమె అత్తయ్య చెయ్యి నిమురుతూ, "దేవుడు ఒకటి తీసుకుంటే ఇంకోటి ఇస్తాడమ్మా" అని ఓదారుస్తూనే ఉంది. అత్తయ్య కిటికీలోంచి పత్తి తీసేసిన చేలని చూస్తూ కూర్చుంది. ఆవిడ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

తొమ్మిదిన్నరకి గుంటూరు బస్టాండులో దిగాం. బయటికి రాగానే నాకు ఒక విషయం అర్థమైంది. నాకు గుంటూరు తెలియదు. ఫోనులో మ్యాపు ఉంది, చూడొచ్చు. కానీ చూస్తే నాకు తెలియదని అత్తయ్యకి తెలిసిపోతుంది. అందుకని ఫోను బ్యాగులో పెట్టేసి, తెలిసిన దానిలాగా ఎడమవైపు నడిచాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని కుడివైపు చూపించింది. అక్కడ కొబ్బరిబోండాల బండి ఉంది. "ముందు పార్కుకెళ్ళాక తాగుదువులే అత్తయ్యా" అన్నాను.

అవతల షేర్ ఆటోలు వరసగా నిలబడి ఉన్నాయి. హారన్ల మోతలో ఒక డ్రైవరు, "యాడికమ్మా?" అని అరిచాడు.

"పార్కు!" అని నేనూ అరిచాను.

"యార్డే, ఎక్కండెక్కండి!"

ఆయన 'పార్కే' అన్నాడని నేను ప్రమాణం చేసి చెప్పగలను. లోపల నలుగురు రైతులు తలగుడ్డలతో కూర్చుని ఉన్నారు. ఒకాయన ఒళ్ళో చిన్న గోనెసంచి కూడా ఉంది. మన రైతుల్లో సంగీతం మీద ఇంత అభిమానం ఉందా అని నాకు నిజంగా సంతోషం వేసింది. అత్తయ్య మాత్రం ఎక్కనని మొరాయించింది. నేను స్టేజీ భయం అనుకుని, "ఏం కాదు అత్తయ్యా, నేనున్నాగా" అని రెక్క పట్టి ఎక్కించాను. ఆటో కదిలాక ఆవిడ నోటుబుక్కు తీసి, కుదుపుల మధ్య ఏదో రాసి, కాగితం చింపి నా చేతిలో పెట్టింది. స్టేజీ మీద మర్చిపోకుండా రాసుకున్న పాట చరణం అనుకుని భద్రంగా పర్సులో పెట్టాను. ఆవిడ ఇంకోటి రాసి ఇచ్చింది. రెండో చరణం అనుకుని అదీ పెట్టాను. ఆవిడ నుదురు కొట్టుకుంది. తలనొప్పి కాబోలని గాలి తగిలే వైపు జరగమన్నాను.

కాసేపటికి గాలిలో ఏదో తేడా వచ్చింది. ముందు ముక్కు చివర చిమచిమలాడింది, తర్వాత గొంతులో సన్నగా మంట. ఆటో ఆగింది. ఎటు చూసినా లారీలు, లారీల మీద టిక్కీ బస్తాలు, ఆ బస్తాల్లోంచి తొంగి చూస్తున్న ఎర్రటి మిరపకాయలు. రాష్ట్రంలో ఏ మూల పండిన కాయైనా వచ్చి చేరే మిర్చి యార్డు ముందు, గొంతు తేటగా ఉండాలని ఇరవై నాలుగు గంటలు మౌనం పట్టిన మనిషిని తెచ్చి నిలబెట్టాను.

అత్తయ్య తుమ్మింది. ఒకటి కాదు, రెండు కాదు. పదకొండు దాకా నేను లెక్కపెట్టాను, తర్వాత నా తుమ్ములు మొదలయ్యాయి. గేటు పక్కన పట్టా పరుచుకుని, రంగు పోయిన తాలు కాయల్ని వేరు చేస్తున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూసి పని ఆపారు. కళ్ళ నీళ్ళు కారుతుండగా, మఫ్లరు జారిపోతుండగా, మా అత్తయ్య తన మౌనం ముగించింది.

"ఒసేయ్! ఇందాక నేను కుడివైపు చూపించింది పార్కుకే! నేను టీచరు ట్రైనింగు చేసింది ఈ ఊళ్ళోనే!"

ఆ గొంతు మా అత్తయ్యది కాదు. రంపం పెట్టి తుమ్మ మొద్దు కోస్తున్నట్టుంది. నేను పర్సులోంచి కాగితాలు తీసి చూశాను. మొదటిదాని మీద 'ఇది యార్డు ఆటో' అని ఉంది. రెండోదాని మీద 'దిగు' అని ఉంది.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. మిరప ఘాటు వల్ల ఎవరికీ తెలియలేదు గానీ, వచ్చింది నిజం ఏడుపే. ఈవిడని అడక్కుండా పాట పంపింది నేను, ఎక్కనంటే ఆటో ఎక్కించింది నేను, ఉన్న ఒక్క గొంతునీ తగలబెట్టింది నేను. పట్టా మీదున్న ఒక పెద్దామె చెంగులోంచి బెల్లం ముక్క తీసి అత్తయ్య నోట్లో పెట్టి, "చప్పరించక్కా, తగ్గుద్ది. ఏందమ్మా, కాయలు తెచ్చారా?" అని అడిగింది. పాడటానికొచ్చామని చెప్పాను. "ఏం పాట?" అంది. మిరప కోతల పాట అన్నాను. వాళ్ళు మొహామొహాలు చూసుకుని నవ్వారు. "దానికి గొంతెందుకు తల్లీ? మేం పాడట్లా?" అంది పెద్దామె, అత్తయ్య కంటే బొంగురుగా.

అక్కడి నుంచి ప్రయాణం అత్తయ్య చేతిలోకి వెళ్ళింది. ఏ ఆటో ఎక్కాలో, ఎక్కడ దిగాలో, ఏ సందులోంచి అడ్డంగా నడవాలో ఆవిడ బొంగురు గొంతుతో చెబుతుంటే నేను సంచి మోసుకుంటూ వెనకాల నడిచాను. మేం పార్కు చేరేసరికి పదకొండూ ఇరవై. మెడలో కార్డు వేలాడేసుకున్న కుర్రాడొకడు, "మీ పేరు రెండుసార్లు పిలిచామండి. ఇప్పుడు బ్యాండు వాళ్ళ టైము" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య, "మా మేనకోడలికి గుంటూరు బాగా తెలుసు బాబూ, అందుకని ఆలస్యమైంది" అంది. మొహంలో ఏ మార్పూ లేదు. ఆ కుర్రాడికి అర్థం కాలేదు. కానీ ఆవిడ కళ్ళు ఎర్రగా ఉండటం చూసి ఏమనుకున్నాడో, బ్యాండు వాళ్ళు తీగలు తగిలించుకునేలోపు మూడు నిమిషాలు పాడుకోమన్నాడు.

గడ్డి మీద యాభై, అరవై మంది ఉంటారు. ఎక్కువమంది కాలేజీ పిల్లలు, బ్యాండు కోసం వచ్చినవాళ్ళు. అత్తయ్య మైకు ముందు నిలబడి ఒకసారి దగ్గి, ఎత్తుకుంది.

"కొయ్యంగ కొయ్యంగ కొసకొచ్చె సాలు,
కొంగు నిండిన కాయ ఎవరింటి పాలు?
కంట నీరొచ్చెనని నవ్వకే వదినా,
కాయ ఘాటే గాని కన్నీరు కాదే..."

గొంతు జీరపోతోంది. 'వదినా' అన్న చోట పూర్తిగా విరిగిపోయింది. నేను తల దించుకున్నాను. కాసేపటికి తలెత్తి చూస్తే, ఫోనుల్లో ఉన్న పిల్లలు ఫోనులు దించి చూస్తున్నారు. మొక్కలకి నీళ్ళు పెడుతున్న ఒకామె పైపు అలాగే పట్టుకుని నిలబడిపోయింది, ఆ నీళ్ళు రోడ్డు మీదకి పోతున్నాయి. ఇంతలో ఎవరో చప్పట్లతో తాళం వెయ్యడం మొదలెట్టారు, వెనక డ్రమ్ముల పిల్లాడు కూడా అందుకున్నాడు. అత్తయ్య పాట ఆపి, క్లాసులో అల్లరి చేసేవాళ్ళని చూసినట్టు చూసింది.

"చప్పట్లొద్దు నాయనా. ఈ పాట పాడేటప్పుడు ఎవరి చేతులూ ఖాళీగా ఉండవు."

అందరూ నవ్వారు, తర్వాత నిశ్శబ్దంగా విన్నారు. అయిపోయాక మాత్రం గట్టిగా కొట్టారు. అందులో కొన్ని బ్యాండు స్టేజీ ఎక్కుతున్నందుకు కొట్టినవి కూడా ఉండొచ్చు. నేను విడదీసి చూడలేదు.

రెండింటి బస్సుకి తిరిగి బయల్దేరాం. ఒక రోజు కూడబెట్టిన మాటలన్నీ అత్తయ్య ఆ బస్సులో ఖర్చుపెట్టింది. బొంగురు గొంతుతోనే, ఆగకుండా. "ఆటోలోనే ఒక్క మాట చెప్పొచ్చు కదా అత్తయ్యా" అన్నాను. "నీతో ఒక్క మాటతో ఆగుద్దా?" అంది. కాస్త ఆగి, "అయినా నువ్వు అంత ధీమాగా నడుస్తుంటే, నలభై ఏళ్ళయింది కదా, రోడ్లే మారినయ్యేమో అనుకున్నా" అంది. నేను ఫోను తీసి గుంటూరు మ్యాపు తెరిచాను. బహుశా జీవితంలో మొదటిసారి.

చిలకలూరిపేట దాటాక ఆవిడ గొంతు తగ్గించి ఇంకోటి చెప్పింది. ట్రైనింగు రోజుల్లో ఆదివారాలు స్నేహితురాళ్ళతో అదే పార్కుకి వచ్చేదట. గడ్డి మీద కూర్చుని తలా ఒక పాట పాడేవాళ్ళట. అందరివీ సినిమా పాటలు. ఈవిడకి వచ్చినవి చర్చి పాటలూ, వాళ్ళమ్మ పాటలూ. "మా అమ్మ మిరప కూలీకి పోద్దని తెలిసిపోతుందని, నా వంతు వచ్చినప్పుడల్లా గొంతు నొప్పి అనేదాన్నే. రెండేళ్ళూ అదే నొప్పి" అని నవ్వింది. కిటికీ బయట మళ్ళీ అవే పత్తి చేలు. ఫ్లాస్కులో మిగిలిన మిరియాల నీళ్ళు మూతలో పోసి ఇచ్చాను. తాగి, "చల్లారిపోయినయ్యే" అని, మళ్ళీ మొదలెట్టింది.

మరుసటి ఏడు అత్తయ్యే స్వయంగా ఫారం నింపించుకుంది. ఒక్కతే వెళ్ళింది. నాకు ఆ రోజు మిల్లులో పనుందని అందరికీ ఆవిడే చెప్పేసింది (పని లేదు). పది గంటలకల్లా పార్కులో ఉందట, కొబ్బరి నీళ్ళు కూడా తాగిందట. ఎవరో తీసిన వీడియో సాయంత్రం ఫోనులో చూశాను. గొంతు తేటగా, ఎక్కడా తొణక్కుండా ఉంది. మా ఇంట్లో అందరూ భలే పాడిందన్నారు, నేనూ అన్నాను. కానీ పెళ్ళయి, నాకూ ఒక కూతురు పుట్టి, దానికి అప్పుడే అన్నీ తెలిసిపోతున్న ఈ రోజుల్లో కూడా, ఆ పాట గుర్తొస్తే నాకు వినిపించేది 'వదినా' దగ్గర విరిగిపోయిన గొంతే. ఆ గొంతు తెప్పించింది నేనేనని పైకి చెప్పుకుంటే బాగుండదు. లోలోపల అనుకుంటే ఎవరొద్దంటారు?