కుళ్ళని గుడ్డ

నాలుగు దరఖాస్తులు పెట్టాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఐదోది పట్టుకుని మొన్న అటవీశాఖ ఆఫీసుకు వెళితే, గుమాస్తా దాన్ని విప్పకుండానే టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు. కాగితం మీద గుండ్రటి మరక పడింది. ఇన్నేళ్ళలో నా మాట మీద పడిన ముద్ర అదొక్కటే. తిరిగొస్తూ ఖాడీ దగ్గర ఆగాను. సముద్రపు పోటు భివండీ దాకా తోసుకొచ్చే ఉప్పునీటి పాయను ఇక్కడ ఖాడీ అంటారు. ఇనుప కంచె అవతల, మా బావ నాటిన మడ చెట్లలో ఇంకొకటి బురదలోకి ఒరిగిపోయి ఉంది.

బావ అంటే మా అక్క భర్త. సముద్రం పేరే తప్ప రూపు ఎరగని కరీంనగర్ వైపు పల్లెలో పుట్టాడు. భివండీలోని కనేరిలో మా రెండు కుటుంబాలకూ కలిపి ఒకే కార్ఖానా, అందులో ఎనిమిది సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు. అవి ఆగిన సెలవురోజున బావ తడి గోనెసంచీ భుజాన వేసుకుని పీతలకు పోయేవాడు. అక్క వెల్లుల్లి కారంతో వండితే, వారమంతా ముక్కుల్లో ఉండే మగ్గం నూనె వాసన ఆ ఒక్కపూట పోయేది. తర్వాత ఎవరో గోదాముల కోసం తవ్విన మట్టీ రాళ్ళూ లారీలతో తెచ్చి ఆ ఒడ్డున పోశారు. మడ చెట్లు ఎండిపోయాయి. పీతలూ పోయాయి. ఎవరి మీదో కేకలేస్తే లాభం లేదని, బావ ఆ రాళ్ళను తన చేతులతోనే ఏరడం మొదలుపెట్టాడు. పీతలమ్మే ముసలామె మునక్కాయల్లాంటి మడకాయలు తెచ్చిచ్చి, బురదలో ఎలా గుచ్చాలో నేర్పింది. గుచ్చినవన్నీ పోటుకు కొట్టుకుపోయేవి.

అప్పుడు బావకు మగ్గం మనిషికే తట్టే ఉపాయం తట్టింది. బురద మీద గుడ్డ పరిచి, వెదురు మేకులు కొట్టి, కన్నాల్లో కాయలు నాటాలని.

"బామ్మర్దీ, పల్చటి జాలి, వలలెక్క, నెయ్యాలె. నూలుదే. వేర్లు పట్టేదాంక ఉండి కుళ్ళిపోవాలె."

"కుళ్ళే గుడ్డ నేసుడేంది బావా?"

"నీకు కొత్తనా? నీ గుడ్డ ఎట్లైనా మూడు ఉతుకులకే చినుగుతది గదా!"

పనివాళ్ళంతా నవ్వారు. నేను ఏదీ మరిచిపోను. ఆ నవ్వునూ మరిచిపోలేదు. నూలులా కనిపించే పాలిస్టర్ దారంతో నేసి, చిక్కటి గంజి పట్టించాను. అంచున నా గుర్తుగా రెండు ఎర్ర పోగులు ఎప్పటిలాగే వేశాను. ముప్పై ఏళ్ళు మగ్గం మీద బతికిన బావ వేళ్ళకు తెలియకపోవడమేమిటి? అసలు తడిమి చూడలేదు. నేసింది నేను కదా అనుకున్నాడు.

మొక్కలు నిలబడ్డాయి. రెండో వానాకాలానికి పీతలొచ్చాయి. బావ మొదటి పీతను పట్టి, అక్కకు చూపించి, మళ్ళీ నీళ్ళలోనే వదిలేశాడు. "వండుకోక ఏం మనిషివయ్యా" అని అక్క తిట్టింది. మూడో ఏడు కాండాలు లావెక్కేసరికి చెట్లు ఒక్కొక్కటే వాడిపోసాగాయి. రంగునీళ్ళే కారణమని బావ రంగుల కార్ఖానాకు పోయి గొడవపడ్డాడు. నేను పక్కనే నిలబడి అతనికంటే గట్టిగా అరిచాను. ఆ తర్వాత ఓ రోజు ఒంటరిగా వెళ్ళి, చచ్చిన చెట్టునొకదాన్ని పీకాను. కాండం మొదట్లో జాలి కన్ను బెరడులోకి దిగి బిగుసుకుని ఉంది. బురద కడిగితే గుడ్డ కొత్తదానిలా తెల్లగా ఉంది. రెండు ఎర్ర పోగులు. మూడు ఉతుకులు కాదు, మూడు వానాకాలాలు ఆగింది.

అప్పటికే బావ మంచం పట్టాడు. "చెట్లెట్లున్నయిరా?" అన్నాడు.

"మంచిగున్నయి బావా."

"గుడ్డ కుళ్ళిందా?"

"కుళ్ళింది."

"ఇగ భయం లేదు. వేర్లు పట్టినట్టే." ఆ వారమే పోయాడు.

దినాలు కాగానే కత్తెర తీసుకుని వెళితే, ఒడ్డు చుట్టూ కంచె, దానికి తాళం. చెట్లను కాపాడుతున్నారట. కోయడానికి అనుమతి కావాలని రాస్తే గుమాస్తా "పేడ్ కాట్నా హై, చాచా?" అన్నాడు. చెట్లు కాదు, గుడ్డ అన్నాను. "ఖాడీ మే కప్డా?" అని నవ్వాడు. నిరుడు అక్కకు అంతా చెప్పేశాను. మూడోనాడు అన్నం పెడుతూ అడిగింది: "అందరి మీద రాస్తవు గదా తమ్మీ. గా దరఖాస్తుల తప్పు జేసినోడని ఎన్నడన్న నీ పేరు రాసినవా?"

మొదటి నాలుగింట్లో రాయలేదు. ఐదోదాంట్లో రాశాను. టీ మరక పడింది దాని మీదే.

కాలం బావను తీసుకుపోయింది, నా కంటిచూపు సగం తీసుకుపోయింది, నేను నేసిన ఆ ఒక్క గుడ్డను మాత్రం ముట్టుకోలేదు. అది నేనే కోయాలి. కంచె లోపల ఇంకా పదకొండు చెట్లు పచ్చగా ఉన్నాయి, ఏటేటా లావెక్కుతున్నాయి. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్ళను అడుగుతున్నాను: ఎప్పుడు తీస్తారు?