అప్పన్న అని రాసిన సయా

మా సయా పోయారని కెనడా నుంచి ఆయన కూతురు కబురు పంపింది. సయా అంటే ఇక్కడి బర్మా మాటల్లో గురువుగారు. యాంగోన్‌లో కొన్నేళ్ళు ఆయన పక్కన దుబాసీగా తిరిగాను. సంతాప సభలో చదువుతాం, నాలుగు మంచి మాటలు రాయమంది ఆవిడ. ఆ నాలుగూ ఉన్నాయి. మీకు ఐదోది కూడా చెబుతాను.

తన దేశంలో పార్లమెంటు వార్తలు రాస్తూ తల నెరిసిన మనిషి ఆయన. మంత్రులు తప్పించుకుపోతారని లిఫ్టు దగ్గరే కాపు కాసేవారట. ఇక్కడికొచ్చాక లత అనే పేటలో టీ కొట్టు ముందు చిన్న పీట మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని జనాన్ని మాట్లాడించేవారు. రాసుకున్నది తిరిగి చదివి వినిపించనిదే లేచేవారు కాదు. కూరలమ్మే ఆవిడకీ అదే మర్యాద. "పేరు లేని మాటని ఎవరైనా కాదనేస్తారు" అనేవారు. నాకీ పని నేర్పింది ఆయనే. ఇవాళ తింటున్న అన్నం ఆ పనిదే.

ఒకసారి ఏటికవతలి దలా నుంచొచ్చి పడవ దిగిన కుర్రాళ్ళని సైనికులు లారీ ఎక్కించి తీసుకుపోవడం సేక్కాన్ రేవులో కూలిపని చేసే మా అన్నయ్య కళ్ళారా చూశాడు. చూసింది చూసినట్టు సయాకి చెప్పాడు. వ్యాసంలో వెయ్యాలి, పేరు చెప్పమన్నారాయన. మా తెలుగువాళ్ళకి ఇక్కడ రెండు పేర్లు. గుర్తింపు కార్డు మీద బర్మా పేరు, ఇంట్లో పిలుచుకునేది తెలుగు పేరు. రెండోది ఏ ఆఫీసు కాగితంలోనూ ఉండదు కదా అని నా తెలివి. "అప్పన్న అని రాయండి" అన్నాను.

"దీనివల్ల అతనికేమైనా అవుతుందా?" అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఏమీ కాదన్నాను.

అన్నయ్య నవ్వాడు. "ఏటవుతాది? అప్పన్నెవుడో ఆలకేటి తెలుసు?"

వ్యాసం అచ్చయిన కొద్దిరోజులకే యూనిఫారం లేని మనుషులిద్దరు మా వీధికొచ్చారు. నేను ఇంట్లో లేను. వాళ్ళు కాగితాలేవీ వెతకలేదు. రేవులో పనిచేసే అప్పన్న ఎవరని అడిగారు, అంతే. మా పెద్దబ్బాయేనని అమ్మ చెప్పింది. ఓడ మీద పనిస్తారేమోనని సంబరపడి, నిద్రపోతున్నవాణ్ణి తనే లేపింది. "లెగు నాయనా, నీకోసం ఎవలో వచ్చినారు."

అన్నయ్యని పట్టుకుపోయారని, అప్పటికే తన దేశం వెళ్ళిపోయిన సయాకి రాశాను. ఒక్క వాక్యం జవాబొచ్చింది. "నేను అడిగాను కదా."

నిజమే, అడిగారు. ఆ వాక్యానికి ఆయన్ని తిట్టుకోని రోజు లేదు. కానీ మంచం పట్టేదాకా ఆయన తన దేశపు మంత్రులందరినీ ఆపి ఆపి మా అన్నయ్య సంగతి అడుగుతూనే ఉన్నారట. కూతురు రాస్తే తెలిసింది. ఆయన రాసినవాటిలో గొప్పవి ఇవీ అని ఒక జాబితా కూడా పంపింది. అందులో మొదటిది అన్నయ్య పేరున్న వ్యాసం.

ఆయన పోయారన్న కబురొచ్చిన వారానికి అన్నయ్యని వదిలారు. ఆ మాట వినడానికి సయా లేరు. నేనే వెళ్ళి ఇంటికి తీసుకొచ్చాను. అన్నయ్య తలుపు తట్టి, "అమ్మా, నేను, అప్పన్నని" అన్నాడు. గొంతు జీరపోయి నాకే కొత్తగా ఉంది.

"అప్పన్నెవుడూ లేడిక్కడ. ఎల్లిపోండి" అంది అమ్మ లోపల్నుంచి. వాణ్ణి తీసుకుపోయిన రోజు నుంచీ ఎవరడిగినా అదే జవాబు.

నేను పిలిస్తే తీసేదే. ఒక మెట్టు వెనక్కి దిగాను.  అన్నయ్య కార్డు మీదున్న బర్మా పేరు, ఆఫీసులో చెప్పుకున్నట్టు పూర్తిగా చెప్పాడు. అప్పుడు లోపల గొళ్ళెం తీసిన చప్పుడైంది.